గోడ దాటిన పాట

ఆ పాట పేరు చెప్పగానే నేను వాయించనని అనేసినాను.

ఫోన్లో అవతల మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మాస్టరు. మధ్యాహ్నం బువ్వ వేళ. నేను బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్లో పనిచేస్తాను. కొత్త ప్యాంట్లు పాతవాటి మాదిరి కనపడాలని, పెద్ద పెద్ద డ్రమ్ముల్లో గుడ్డల్నీ రాళ్లనీ కలిపి తిప్పుతాం. సాయంత్రానికి మోచేతుల దాకా నీలం ఎక్కి ఉంటుంది. ఆదివారాలూ ముహూర్తాలుండే రోజులూ ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. ఆ నీలం చేతుల్తోనే.

"కంప్లి పార్టీ అప్పా," అన్నాడు మాస్టరు. "వడ్ల మడులుండే ఆంధ్రోళ్లు. పెద్దాయనకి అరవై నిండినాయంట. ఆ పాట కావల్లని వాళ్లింటామె అడిగింది. ట్రాక్ పెట్టేది వద్దంట, అంతా చేత్తోనే వాయించల్లంట."

"వేరేది ఏదన్నా చెప్పు మాస్టరూ. ఇది నాకు రాదు."

"రాకుంటే విని పట్టుకో. పది దినాలు టైముండాది."

"నేను వాయించను."

"ఏంటికి?"

మాస్టరే అందుకుని, "ఆ పాట లేకుంటే ప్రోగ్రామే వద్దంటాండారప్పా. నీ ఒక్కని కోసం నలుగురు ఇంట్లో కూర్చోవల్లనా?" అన్నాడు. సరే అన్నాను.

ఫోన్ జేబులో పెట్టుకుంటుండగా తడిబట్టల ట్రాలీ ఒకటి వచ్చి నా వీపుకి తగిలింది. తోసుకొస్తున్నది నా వయసువాడే, నాతో నాలుగేండ్లుగా కలిసి తింటున్నవాడు. "జరుగప్పా" అన్నాడు నవ్వుతూ. నేను తిరిగి రెండు చేతుల్తో వాడి ఎదురురొమ్ము మీద తోసినాను. వాడు వెనక్కి పోయి డ్రమ్ము మూత అంచుకి కొట్టుకున్నాడు. కనుబొమ్మ పైన చీరుకుపోయి రక్తం కంట్లోకి దిగింది. మూడు కుట్లు పడినాయి. ట్రాలీ తగిలిందని తోసినానని అందరికీ చెప్పినాను. వాడు మాత్రం కంటి మీద గుడ్డ అదిమిపెట్టుకుని, "నీ ముఖం అప్పుడు నీది కాదప్పా" అన్నాడు.

నాకు అప్పుడప్పుడు ఇట్ల అవుతుంది. ఎందుకు పెండ్లి చేసుకోలేదని అడిగినవాళ్లకి నేను చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. ఇది మాత్రం చెప్పను.

*

మా నాయన ఇనుపరాయి లారీ తోలేవాడు. గనులు జోరుగా నడుస్తున్న కాలం. రాత్రంతా లోడు కొట్టి, పొద్దున పదింటికో పదకొండింటికో ఇంటికొచ్చేవాడు. ఆయన పండుకునే దిండు నడిమిట్లో తలకాయంత ఎర్రటి మరక ఉండేది, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. లారీలో సీటు వెనకాల ఒక పెద్ద స్పీకరు బిగించుకున్నాడు. రెండు మూడుసార్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సండూరు దాకా తీసుకుపోయినాడు. ఆ పాట వచ్చినప్పుడు గేరు మార్చే చెయ్యి కూడా మెత్తగా పడేది. పాత సినిమా పాట, ఆయన పుట్టకముందుది. ఆడగొంతు ఒక మాట అడుగుతుంది, మగగొంతు బదులు చెప్తుంది. పాట మొత్తంలో కోపమనేదే లేదు.

ఇంట్లో రెండే గదులు. లోపలి గదిలో టేపురికార్డరు, మంచం. ముందర వంటిల్లు. అమ్మ వండిన కూర చల్లారిందనో, పక్కింటాయనతో ఏం మాట్లాడినావనో, ఒక్కోసారి ఏమీ లేకుండానో, మా నాయన నా వైపు చూసి, "నువ్వు బయటికి పో" అనేవాడు. ఆ గొంతులో అరుపు ఉండేది కాదు. నేను వంటింట్లోకి వచ్చేవాణ్ని. వెనకాల గడియ పడేది. తర్వాత ఆ పాట. గుండ్రంగా ఉండే సౌండు బటన్ని చివరిదాకా తిప్పేవాడు.

వంటింట్లో మిరపకాయల గోనెసంచికీ నీళ్ల కుండకీ మధ్య గోడకి వీపు ఆనించి కూర్చునేవాణ్ని. పల్చటి శబ్దాలు గోడ దాటి రావు. ఆమె గొంతూ రాదు, ఆయన గొంతూ రాదు, వయొలిన్లూ రావు. అడుగున నడిచే లావు శబ్దం ఒక్కటే గోడలోంచి వచ్చి వీపుకి తగులుతుంది. దాన్ని బేస్ అంటారని నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. మా అమ్మ అరుపులు కూడా పల్చటివే కాబట్టి అవీ నా దాకా వచ్చేవి కాదు. అరిచేదో లేదో కూడా నాకు తెలీదు.

పాట అయిపోయినాక తలుపు తీసుకునేది. అమ్మ వచ్చి ముఖం కడుక్కుని స్టవ్వు వెలిగించేది. ముక్కులోంచి రక్తం కారుతుంటే కొంగు చివర ముడి చుట్టి అదుముకునేది. ఒక ఉగాది ముందర ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్లు కట్టే ముసలాయన దగ్గరికి మా నాయనే తీసుకుపోయినాడు, బాత్రూములో జారిందని ఆయనే చెప్పినాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ ఆమె కుడి అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు. ఎవరైనా ప్రసాదం పెడితే ఎడమచెయ్యి కింద పట్టుకుంటుంది.

ఎనిమిదేండ్లప్పుడనుకుంటా, ఒకసారి నేను ఆ తలుపుని కాలితో తన్నినాను. ఆపకుండా తన్నినాను. గడియ తీసి మా నాయన బయటికొచ్చినాడు. అరచెయ్యి వెడల్పుగా చాపి నా ఎడమ చెవి మీద కొట్టినాడు. నేను నీళ్ల కుండ మీద పడినాను, కుండ పగిలింది. చెవిలోంచి వెచ్చగా ఏదో మెడమీదికి దిగింది. ఆయన నన్ను చూసి, పగిలిన కుండని చూసి, మళ్ళా లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. పాట ఇంకా అయిపోలేదు. ఆ చెవికి ఇప్పటికీ సగమే వినపడుతుంది.

గనులు మూతబడినాక లారీ పోయింది. తర్వాత నడుము పోయింది. కొన్నాళ్లు ఒక గోడౌనుకి కాపలా ఉన్నాడు, అదీ వదిలేసినాడు. కొట్టడం ఎప్పుడు ఆపినాడో నేను గుర్తుపెట్టుకోలేదు. ఒకనాటి నుంచి చెయ్యి లేవడం మానేసింది, అంతే. ఎవరమూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఈ మొన్నటి దాకా ముగ్గురమూ అదే ఇంట్లో, అదే గోడల మధ్య ఉన్నాము. మాత్రలు వేసుకున్నావా నాయనా అని రోజూ అడిగేవాణ్ని కూడా.

*

ఆదివారం పొద్దున పాట పట్టుకోవడానికి కూర్చున్నాను. అమ్మ లేదు. ఆమె జీన్సు ప్యాంట్లకి మిగిలిపోయిన దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుంటుంది, అయిపోయిన మూట ఇచ్చి రావడానికి పోయింది. నాయన బయట అరుగు మీద ఉన్నాడు.

నేను నోట్సు చూసి వాయించేవాణ్ని కాదు. విని పట్టుకుంటాను. ముందు ఆ స్వరాన్ని గొంతుతో కూనిరాగంగా తీస్తాను, తర్వాత గిటార్ మీద అదెక్కడుందో వెతుక్కుంటాను. కొత్త పాటలైతే కష్టం లేదు, బేస్ ముందుకొచ్చి కూర్చుని ఉంటుంది. ఈ పాట రికార్డు చేసిన కాలంలో అందరూ కలిసి ఒకే గదిలో వాయించేవాళ్లేమో, బేస్ ఎక్కడో వెనకాల, కంబళి కప్పినట్లు వినపడుతుంది. ఫోన్ స్పీకర్లో అసలు లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పల్లవి మొదటి లైను దొరికింది. లావు తీగ ఖాళీగా ఒక దెబ్బ, పక్క తీగ మీద రెండో మెట్టు దగ్గర ఒకటి, ఆపైన నాలుగు మెట్లు దిగడం. అంతలో వయొలిన్లు వరద మాదిరి వచ్చి పడితే కింద ఏముందో తెలియలేదు.

వెనక్కి తిప్పినాను. మళ్ళా. మళ్ళా. స్పీడు సగం చేసినాను. ఆ ఇద్దరి గొంతులూ తాగినోళ్ల గొంతుల మాదిరి సాగినాయి. నాలుగు సెకన్ల ముక్క కోసం నలభైసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నా దవడ బిగుసుకుంటోంది. తీగని ఎంత గట్టిగా నొక్కుతున్నానంటే చూపుడువేలి చివర పొక్కు లేచి, చిట్లి, గిటార్ మెడ మీద తడి మరక పడింది. దాంతోనే ఇంకో గంట నొక్కినాను. ఆ నొప్పి బాగుంది. తర్వాత హెడ్‌ఫోన్ లాగి గోడకేసి కొట్టినాను. దాని ఒక చెవి ముక్కలైపోయింది.

అప్పుడు తోచింది నాకు. ఈ పాట నాకు తెలిసింది హెడ్‌ఫోన్లో కాదు, గోడలోంచి.

ప్రోగ్రాములకి వాడే చిన్న స్పీకరుని లోపలి గదిలో మంచం మీద పెట్టి ఫోన్ కలిపినాను. సౌండు చివరిదాకా పెంచినాను. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, వంటింట్లో గోడకి వీపు ఆనించి కింద కూర్చున్నాను. గిటార్‌కి కరెంటు పెట్టలేదు. దాని చెక్క అంచుని దవడ ఎముకకి ఆనించుకున్నాను. అట్ల ఆనిస్తే తీగ మోగింది చెవితో పని లేకుండా తలలోకి వస్తుంది.

పాట మొదలైంది. గొంతులు పోయినాయి, వయొలిన్లు పోయినాయి. గోడలోంచి ఆ లావు శబ్దం ఒక్కటే, నిండుగా, ఒక్కొక్క స్వరం విడివిడిగా వచ్చింది. నేను వెతుక్కోవలసిన పని లేదు. నా వేళ్లు పాటకంటే ముందు పోతున్నాయి. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం, అన్నీ ఒక్క పూటలో వచ్చేసినాయి. ఒళ్లంతా చెమట. బండల మీద నా రెండు కాళ్లూ ముడుచుకుని, మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చేసి ఉన్నాయి. గిటార్ అడ్డం ఉండబట్టి ఆగినాయి.

వీధి తలుపులో నీడ పడితే తలెత్తి చూసినాను. మా నాయన నిలబడి ఉన్నాడు.

"ఇది నా పాట కదరా," అన్నాడు. ముఖమంతా వెలుగు. "ఎన్నేండ్లాయ విని. ఎవురికి వాయిస్తాండావు?"

"కంప్లిలో ప్రోగ్రాముంది."

"మళ్ళా ఒకసారి వాయించు."

ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను వాయించినాను. ఎందుకు వాయించినానో తెలీదు, ఆయన చెప్తే చేయడం అలవాటు. కుర్చీ చెయ్యి మీద ఆయన అరచేత్తో తాళం వేస్తూ కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం నడిమిట్లో ఆ తాళం ఆగింది. కళ్లు తెరిచి నా వేళ్ల వైపు చూసినాడు. "టీ తాగొస్తా" అని లేచి, నడుము పట్టుకుని బయటికి పోయినాడు. నడుము నొప్పి అనుకున్నాను.

*

ఆ శనివారం మధ్యాహ్నం మాస్టరు ఇంటి మిద్దె మీద, రేకుల గదిలో రిహార్సలు. పాడే ఇద్దరూ, తబలా, మాస్టరు, నేను. పల్లవికే మాస్టరు నా వైపు చూసి తల ఊపినాడు. మొదటి చరణం బాగా వచ్చింది. రెండో చరణంలో ఆడగొంతు రెండో లైను పాడి ఆగుతుంది. మగగొంతు అందుకునే లోపల కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నేను లావు తీగ మీద రెండు దెబ్బలు వేసినాను. దుబ్. దుబ్.

మాస్టరు చెయ్యెత్తినాడు. అందరూ ఆపినారు.

"ఆ రెండూ ఏందప్పా?"

"బేస్."

"ఆడ బేస్ లేదు. ఏమీ లేదు. ఆయమ్మ గొంతు ఆగినాక నిశ్శబ్దం, అదే దానికి అందం."

"ఉంది మాస్టరూ. రికార్డులో ఉంది. రెండుంటాయి."

"లేదప్పా. ఇరవై ఏండ్లుగా వింటాండా నేను."

మాస్టరు తన పెద్ద స్పీకర్లలో పెట్టి వినిపించినాడు. ఆ చోట ఆడగొంతు ఆగింది. వయొలిన్లు లేవు. తబలా లేదు. బేస్ లేదు. మగగొంతు వచ్చింది. వేరే కాపీ పెట్టమన్నాను, పెట్టినాడు. లేదు. ఇంకొకటి. లేదు.

"చూడప్పా, నీకు నువ్వే కలుపుకున్నావు," అన్నాడు మాస్టరు. "తప్పేం లేదు. తీసెయ్యి, అంతే."

"నేను కలపలేదు" అని లేచినాను. కీబోర్డు స్టాండు నా కాలికి తగిలిందో, నేనే తన్నినానో, అది పక్కకి ఒరిగింది. తబలా ఆయన పట్టుకోకుంటే పడిపోయేది. నేను మాస్టరు కాలరు పట్టుకుని ఉన్నాను. ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు. ఆయన నా చేతిని విడిపించుకునే ప్రయత్నం చేయలేదు. నా ముఖంలోకి చూస్తూ, "ఇంటికి పో," అన్నాడు మెల్లగా. "హోగప్పా. రేపు మాట్లాడుదాం."

మెట్లు దిగి బండి తీసినాను. మోతీ సర్కిల్ దగ్గర ఒక ఆటోవాడు అడ్డమొస్తే దిగి కొట్టాలన్నంత కోపం వచ్చింది. దారి పొడుగునా ఆ రెండు శబ్దాలూ నాలో మోగుతూనే ఉన్నాయి. రికార్డులో లేవు. మరి చిన్నప్పుడు గోడలోంచి ఎట్ల వచ్చినాయి?

ఇల్లు ఇంకా రెండు వీధులుందనగా నాకు అర్థమైంది. బండి రోడ్డు పక్కన ఆపి, మోరీ దగ్గర వాంతి చేసుకున్నాను.

*

అమ్మ వంటింట్లో కింద కూర్చుని ప్యాంట్ల దారాలు కత్తిరిస్తోంది. చిన్న కత్తెర, ఎడమచేత్తో. పక్కన నీలం గుట్ట.

ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఎట్ల అడగాలో తెలియక గిటార్ సంచిలోంచి తీసి, రెండో చరణం వాయించినాను. ఆ రెండు దెబ్బలూ వేసి ఆపినాను.

"ఈ రెండూ పాటలో లేవంటాండారమ్మా."

ఆమె కత్తెర ఆగింది. కానీ తల ఎత్తలేదు.

"లేవు," అంది.

"మరి?"

"ఆడికొచ్చే దాకా ఆగుతాండె మీ నాయన. ఆయమ్మ గొంతు ఆగేది తెలుస్తాదే, అప్పుడు." ఒక దారం కత్తిరించింది. "ముందర చేతుల్తో. ఆడికొచ్చినాక నా తల పట్టుకుని గోడకి. రెండుసార్లు. నువ్వు ఆ పక్క కూర్చునేది నాకు తెలుసు. ఈడ నీ వీపు ఉంటాదని తెలుసు నాకు. అందుకే అరిచేదాన్ని కాదు."

నేను ఆమెనే చూస్తున్నాను. జుట్టు పాయ తీసే చోట, కొంచెం పక్కగా, వెంట్రుకలు మొలవని ఒక రూపాయంత చోటు ఉంది ఆమెకి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పుట్టుకతోనే ఉందని అనుకున్నాను.

"నాకు చెప్పలేదే?"

"ఏం చెప్తారు?" అంది.

అప్పుడే మా నాయన లోపలికి వచ్చినాడు. చేతిలో మాత్రల కవరు. మా ఇద్దర్నీ, గిటార్‌నీ చూసి ఆగిపోయినాడు. ఆయనకి తెలిసిందని నాకు తెలిసింది. ఏమన్నా అని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆయన ఏమీ అనకుండా లోపలి గదిలోకి పోబోయినాడు, ఎప్పటి మాదిరే.

నేను లేచి వెనకనుంచి చొక్కా పట్టి లాగినాను. తిరిగిన ముఖం మీద పిడికిలితో కొట్టినాను. మాత్రలు బండల మీద చెల్లాచెదురైనాయి. ఆయన పడలేదు. యాభై ఎనిమిదేండ్లు, నడుము లేదు, కానీ భుజాలు ఇంకా లారీ డ్రైవరు భుజాలే. మోచేయి విసిరితే నా పెదవి చిట్లింది. నా నోట్లో ఉప్పగా రక్తం నిండగానే నాకు హాయి అనిపించింది. ఇది రాసేటప్పుడు దాచాలనిపించింది, కానీ ఆ క్షణంలో నాకు హాయిగానే ఉండింది. ఆయన నడుము ఎక్కడ నొప్పో నాకు తెలుసు, రోజూ మందు రాసేది నేనే. ఆడనే మోకాలితో పొడిచినాను. ఆయన మోకాళ్ల మీద కూలబడినాడు. జుట్టు పట్టుకున్నాను. తల గోడ వైపు తిప్పినాను. దవడ తలుపు చట్రానికి తగిలి టక్కుమని శబ్దం వచ్చింది.

రెండోసారి తగలలేదు. నా జుట్టు ఎవరో వెనక్కి లాగినారు. మెడ విరుగుతుందేమో అన్నంత గట్టిగా. అమ్మ. ఆ వంకర చెయ్యి నా మెడ చుట్టూ ఉంది, ఎడమచెయ్యి నా జుట్టులో ఉంది.

"సాకు," అంది. కన్నడంలో చాలని, బజారులో అనేటట్లు. "సాకు, వదులు."

వదిలినాను. మా నాయన గోడకి ఆనుకుని నోట్లోంచి ఏదో ఉమ్మినాడు. సగం పన్ను.

"అమ్మా, నీ కోసమే..." అన్నాను.

"నా కోసం కాదు," అంది. ఊపిరి కూడా సరిగ్గా అందడం లేదు ఆమెకి. "నాకు కావల్లంటే నేను ఎప్పుడో అడిగుందును నిన్ను. నీకు పద్దెనిమిదేండ్లు వచ్చినప్పుడే అడిగుందును. అడిగినానా?"

నేను పెదవి మీద రక్తం తుడుచుకున్నాను.

"నువ్వు మీ నాయన తల తిప్పిన తీరు చూసినా. అదే చెయ్యి." ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మా నాయన వైపు తిరిగి, చాలా మామూలుగా, "నువ్వు కురుగోడుకు పో, నీ తమ్ముని ఇంటికి. రేపు పొద్దున బస్సుకే," అంది. తర్వాత నా వైపు. "నువ్వు కూడా. యూనిట్ కాడ రూము చూసుకో. ఈ ఇంట్లో ఇంక చెయ్యెత్తేవాళ్లు ఎవురూ ఉండకూడదు."

"నన్ను కూడానా?"

"నిన్ను కూడా."

మా నాయన ఏదో అనబోయి, దవడ కదలక ఆగిపోయినాడు. అమ్మ కింద కూర్చుని బండల మీది మాత్రలు ఒక్కొక్కటే ఏరి కవర్లో వేసింది. ఆ కవరు మా నాయన పక్కన పెట్టింది. కత్తెర తీసుకుని మళ్ళా దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఒక ప్యాంటుకి గాటు పడింది. ఆ ప్యాంటు పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.

*

కుడిచెయ్యి మూడు రోజులు రొట్టె మాదిరి ఉబ్బి ఉండింది. తీగ మీటే చెయ్యి అది. నాయన దవడ పగల్లేదు కానీ కీలు జరిగిందని ఆస్పత్రిలో చెప్పినారంట. జారి పడినానని మా నాయన చెప్పుకున్నాడంట. ఆ మాట మా చిన్నాయన ఫోన్లో చెప్పినప్పుడు నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

నేను యూనిట్ వెనకాల ఒక రూములో చేరినాను. అందులో ముందే ఇద్దరున్నారు. ఒకడు కనుబొమ్మ మీద కుట్లు పడినవాడే. నేను చాప పరుచుకుంటుంటే తన దిండు గోడ వైపుకి జరుపుకున్నాడు. నేనే చెప్పినాను, మొత్తం. విని, "నా దగ్గర మాత్రం ఆ పాట పెట్టొద్దప్పా" అన్నాడు.

మాస్టరు ఇంటికి పోయి కాలరు పట్టుకున్నందుకు క్షమించమన్నాను. ఆయనకి సగమే చెప్పినాను. ఆయన నా చెయ్యి చూసి, "వేరేవాణ్ని పిలవల్లనా?" అని అడిగినాడు.

"వద్దు. నేను వాయిస్తా."

కంప్లిలో సాయంత్రం నాలుగింటికి మొదలైంది ప్రోగ్రాం. ఇంటి ముందర కళ్లం చదును చేసి షామియానా వేసినారు. అరవై నిండిన ఆయన పట్టుపంచెలో, పక్కన ఆయన భార్య. ఆ పాట వచ్చేసరికి ఎండ వాలింది. మాస్టరు నా వైపు చూసి కళ్లతోనే సరేనా అన్నాడు. తల ఊపినాను.

మీటిన ప్రతిసారీ మణికట్టు దాకా సూది దిగినట్లుంది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. ఆ పెద్దామె పెదవులు కదుపుతూ పాడుకుంటోంది. రెండో చరణంలో ఆడగొంతు రెండో లైనుకి వచ్చింది. నా వేళ్లు లావు తీగ మీదికి వాటంతట అవే పోయినాయి. నాకు వాయించాలని ఉండింది. వాయించకుండా ఆపుకోవడం అంత కష్టమవుతుందని నేను అనుకోలేదు. అరచెయ్యి మొత్తం తీగల మీద పరిచి అదిమిపెట్టినాను. గొంతు ఆగింది. ఏ శబ్దమూ లేదు. ముందు వరసలో ఆ పెద్దాయన అటు తిరిగి భార్య చెంప దగ్గరికి చెయ్యెత్తినాడు.

ఆయన చెయ్యి పైకి లేచింది చూడగానే నా ఒళ్లంతా బిగుసుకుంది. గిటార్ మెడ పట్టుకున్న చెయ్యి, విసరడానికి పట్టుకున్నట్లు పట్టుకుంది. ఆయన ఆమె చెంపకి అంటిన పసుపు తుడిచి చెయ్యి దించుకున్నాడు. మగగొంతు అందుకుంది. నేను ఒక స్వరం ఆలస్యంగా కలిసినాను. మాస్టరు తప్ప ఎవరూ గమనించలేదు.

పాట అయిపోయినాక జనం చప్పట్లు కొట్టినారు. నేను గిటార్ దించి, డేరా వెనక్కి పోయి, వడ్ల మడి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

*

అమ్మ ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నన్ను బువ్వకి రానిస్తుంది. తిన్నాక ఒక గంట కూర్చోనిస్తుంది. ఆ తర్వాత, "ఇంక పో, నాకు పనుండాది" అంటుంది. మొదట్లో బాధపడినాను. పోయిన నెలలో ఒకనాడు నేను ఇంటి ముందర బండి ఆపుకుంటుంటే ఆమె ఇంట్లోంచి కూనిరాగం వినపడింది. ఏదో దేవుని పాట, రాగం సరిగ్గా లేదు. ఆమె పాడగా నేను ఎప్పుడూ వినలేదు. అది అయిపోయేదాకా బండి దగ్గరే ఆగి, తర్వాత పోయి తలుపు కొట్టినాను.

కురుగోడుకి నెలకొకసారి పోతున్నాను, మాత్రలు ఇవ్వడానికి. మా చిన్నాయన వాళ్లు మిద్దె కింద ఒక మంచం ఇచ్చినారు ఆయనకి. మొన్న పోయినప్పుడు ఆయన సంగటి తింటున్నాడు. నమిలేటప్పుడు దవడ దగ్గర చిన్నగా టక్ టక్ అంటుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"మీ అమ్మ ఏమన్నా అనిందా?" అని అడిగినాడు.

"లేదు."

"నన్ను రమ్మనిందా?"

"లేదు నాయనా."

తల ఊపినాడు. ముద్ద చేతిలో పెట్టుకుని, "అప్పుడు నాకు ఏమైతాండెనో నాకే తెలీదు రా" అన్నాడు. నాకు ఏమవుతుందో నాకు తెలుసు అని చెప్దామనుకున్నాను. చెప్పలేదు. క్షమించినానని కూడా చెప్పలేదు, ఎందుకంటే క్షమించలేదు. ఆయన తినడం అయ్యేదాకా కూర్చుని, నీళ్లు అందించి, నాలుగున్నర బస్సుకి బళ్ళారి వచ్చేసినాను.